పెట్టడం సరే, తీసేదెవరు?

ఆయన నరసరావుపేట కోర్టులో చాలాకాలం ప్రాక్టీసు చేసిన ప్లీడరు. ఎమర్జెన్సీ నాటికి జూనియరు. ఆవిడ ఆయన మేనకోడలు, హైదరాబాదులో ఒక లా కాలేజీలో రాజ్యాంగ చట్టం చెబుతుంది. ఎమర్జెన్సీకి యాభై ఏళ్ళు నిండాయని 2025లో పత్రికలన్నీ జైలు జ్ఞాపకాలు వేశాయి. వీళ్ళిద్దరూ వాటి జోలికి పోలేదు. 352వ అధికరణాన్ని ముందు పెట్టుకుని, జాతీయ అత్యవసర పరిస్థితిని ఎవరు పెట్టాలి, ఎవరు ఆమోదించాలి, ఎవరు ఎత్తెయ్యాలి అన్నదాని మీద వాదించుకున్నారు. నేను మధ్యవర్తిని కాను, వినేవాణ్ణి. అక్కడక్కడా నోరు ఆగక ఒకటి రెండు మాటలు కలిపాను.

మేనమామ: మళ్ళీ 1975 వస్తుందని మీ కాలేజీ పిల్లల్ని ఎందుకు భయపెడతావమ్మా? రాదు. పాలకులు మంచివాళ్ళైపోయారని కాదు నేననేది. దారులు మూసేశారు. ఆ రాత్రి ఏయే సందుల్లోంచి దూరి వచ్చారో చూసి, 1978లో పార్లమెంటు 44వ సవరణతో ఒక్కొక్కటీ కట్టేసింది.

మేనకోడలు: ఏ సందులు మామయ్యా? వరసగా చెప్పండి. ఎంత గట్టిగా కట్టారో తట్టి చూద్దాం.

మేనమామ: మొదటిది కేబినెట్. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టేనాటికి కేబినెట్ కూర్చోనే లేదు. మర్నాడు పొద్దున ఆరింటికి మంత్రుల్ని పిలిచి, జరిగింది ఇదీ అని చెప్పారు. దారి చూపించిన సిద్ధార్థ శంకర్ రే కేంద్రమంత్రి కూడా కాదు, బెంగాల్ ముఖ్యమంత్రి. ఇక దేశానికి హోంమంత్రి ఎవరప్పుడు?

మేనకోడలు: మీ కాసు బ్రహ్మానందరెడ్డిగారేగా.

మేనమామ: మా పేట మనిషే. శాంతిభద్రతలు ఆయన శాఖ. ఆయనకి సంగతి తెలిసింది ఆ రాత్రి పదిన్నర ప్రాంతంలో, ప్రధాని ఇందిరా గాంధీ ఇంటికి పిలిపించాక. ఎమర్జెన్సీ మీద విచారణ జరిపిన షా కమిషన్ నివేదికలో ఉంది. ఇప్పటికే అమల్లో ఉన్న ఎమర్జెన్సీ అధికారాలతో పని నడవదా అని ఆయన అడిగారట. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్ యుద్ధానికి పెట్టిన ప్రకటన అప్పటికింకా ఎత్తెయ్యలేదుగా! అదంతా ఆలోచించాం, ఇది కావాల్సిందే అన్నారు. అయితే మీకేది మంచిదనిపిస్తే అది చెయ్యండని చెప్పి, రాష్ట్రపతికి వెళ్ళే లేఖ మీద సంతకం పెట్టి వచ్చారు. ఇప్పుడు ఆ పప్పులుడకవు. కేంద్ర కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ప్రకటన చెయ్యకూడదు. 352లో మూడో క్లాజు.

మేనకోడలు: ఆరింటికి కూర్చున్న మంత్రుల్లో కాదన్నవాళ్ళు ఎందరు?

మేనమామ: ఎవరూ లేరు.

మేనకోడలు: మరి అదే సమావేశం రాత్రి పదకొండింటికి పెట్టినా జవాబు అదేగా మామయ్యా. కొత్త నియమం అప్పుడే ఉండుంటే ప్రధాని ఇంట్లో ఒక కాయితం ఎక్కువ టైపు చేసేవాళ్ళు. జరిగింది ఆగేది కాదు.

మేనమామ: ఆగేది కాదని నువ్వెలా అంటావు? నిద్రలేపి చెప్పడం వేరు, ముందు అడగడం వేరు. సంతకం పడిపోయాక నోరు మెదపని మనిషి, పడకముందు అడిగితే నసుగుతాడు. ఒకడు నసిగితే ఇంకొకడికి ధైర్యం వస్తుంది. బ్రహ్మానందరెడ్డిగారు అడిగిన ఆ ఒక్క ప్రశ్న పదిమంది మధ్య అడిగి ఉంటే?

(ఈ ఒక్క చోట నేను ప్లీడరుగారి పక్షం. హోంమంత్రి ఆ రాత్రి అడిగిన ప్రశ్న సరైనది, అడిగిన గదే తప్పు. అక్కడ వినడానికి మిగతా కేబినెట్ లేదు.)

మేనకోడలు: సరే, అది మీకే ఇచ్చాను. రెండోది?

మేనమామ: ఓటు. పాత రాజ్యాంగంలో ప్రకటన చేసిన రెండు నెలల్లోగా ఉభయ సభలూ మామూలు మెజారిటీతో సరేనంటే చాలు. ఇప్పుడు గడువు ఒక్క నెల. మెజారిటీ కూడా మామూలుది కాదు. మొత్తం సభ్యుల్లో సగానికి మించి రావాలి, హాజరై ఓటు వేసినవాళ్ళలో మూడింట రెండు వంతులు రావాలి. రెండు సభల్లోనూ. రాజ్యాంగాన్ని సవరించడానికి ఎంత బలం కావాలో, ఎమర్జెన్సీ పెట్టడానికీ అంత కావాలి.

మేనకోడలు: ఇక్కడే మీకు నేను లెక్క చూపిస్తాను. 1975లో రాజ్యసభలో ఓటింగు జులై 22న. అనుకూలం 136, వ్యతిరేకం 33. మర్నాడు లోక్‌సభలో 336, 59. ఓటు వేసింది 395 మంది. అందులో మూడింట రెండు వంతులంటే 264. వచ్చింది 336. సభ మొత్తం దాదాపు 520, సగం 260. దాన్నీ దాటింది. రాజ్యసభలోనూ అంతే, రెండు పరీక్షలూ నెగ్గింది. ఇక గడువంటారా, జూన్ 25 నుంచి జులై 23కి ఎన్ని రోజులు?

మేనమామ: ఇరవై ఎనిమిది.

మేనకోడలు: అంటే మీ 44వ సవరణ మూడేళ్ళు ముందే వచ్చి ఉన్నా, ఆ ఎమర్జెన్సీ అదే సభలో అదే రోజు నెగ్గేది. ఒక్క ఓటు కూడా తగ్గేది కాదు. 1971 ఎన్నికల్లో కాంగ్రెసుకి వచ్చిన సీట్లే 352.

మేనమామ: ఆ అంకె చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. 352కి 352.

మేనకోడలు: నవ్వండి. కానీ అంత మెజారిటీ ఉన్నవాడికే ఎమర్జెన్సీ పెట్టే తెగువ వస్తుంది. మూడింట రెండు వంతుల నిబంధన బలహీన ప్రభుత్వాన్ని ఆపుతుంది. మనం భయపడాల్సింది బలమైనదాన్ని చూసి. పైగా ఆ 59 మందినీ చూడండి. ప్రతిపక్ష నాయకుల్లో చాలామంది ఓటింగు రోజున జైళ్ళలో ఉన్నారు. వాళ్ళ ప్రసంగాలు కూడా సెన్సారు దాటి పత్రికల్లోకి రాలేదు.

మేనమామ: అదీ మూశారు. సభలో జరిగింది ఉన్నదున్నట్టు అచ్చు వేసుకునే హక్కు 361-ఏగా రాజ్యాంగంలోకే వచ్చింది. అంతకుముందు అది ఫిరోజ్ గాంధీ తెచ్చిన మామూలు చట్టం. దాన్ని 1976లో ఆయన భార్య ప్రభుత్వమే రద్దు చేసింది.

మేనకోడలు: అది మంచి పనే. కాదనను.

మేనమామ: ఇక అసలైనది విను. కారణం. పాత 352లో మూడు కారణాలు ఉండేవి. యుద్ధం, విదేశీ దురాక్రమణ, ఆంతరంగిక కల్లోలం. ఈ మూడోదాంట్లో ఏదైనా పడుతుంది. రైల్వే సమ్మె కల్లోలమే, జయప్రకాశ్ నారాయణ్ రామ్‌లీలా మైదానంలో మాట్లాడటం కల్లోలమే, అలహాబాదు హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా జూన్ 12న ఇందిర ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పడం కూడా కల్లోలమే. 44వ సవరణ దాన్ని తీసేసి సాయుధ తిరుగుబాటు అని రాసింది. జేపీ చేతిలో తుపాకి చూపించగలవా? కేబినెట్ ఒప్పుకున్నా, సభలో 336 వచ్చినా, కారణమే లేదని కోర్టు కొట్టేస్తుంది. 38వ సవరణ అయితే రాష్ట్రపతి సంతృప్తిని కోర్టులు ప్రశ్నించకూడదంది. అదీ పోయింది. దురుద్దేశంతో పెట్టారా లేదా అన్నది కోర్టులు చూడొచ్చని 1980లో మినర్వా మిల్స్ తీర్పులో జస్టిస్ భగవతి రాశారు.

మేనకోడలు: కారణం సంగతి ఒప్పుకుంటాను. 44వ సవరణ మొత్తంలో గట్టి మార్పు అదే. కానీ ఆ మాట ఎన్నాళ్ళు నిలిచింది? 1988లో 59వ సవరణ వచ్చింది. పంజాబు వరకూ ఆంతరంగిక కల్లోలాన్ని మళ్ళీ కారణంగా చేర్చారు. అంతటితో ఆగారా? 21వ అధికరణాన్ని, అంటే ప్రాణానికీ స్వేచ్ఛకీ ఉన్న హక్కుని కూడా ఆపుకోవచ్చన్నారు. మీ 44వ సవరణ వచ్చి తొమ్మిదేళ్ళు నిండక ముందే.

మేనమామ: వాడలేదు. ఒక్క ప్రకటన కూడా రాలేదు. వి.పి. సింగ్ వచ్చాక 63వ సవరణతో తీసేశారు.

మేనకోడలు: వాడలేదు, నిజమే. తలుచుకుంటే తెరవొచ్చని మాత్రం తేలింది.

మేనమామ: అలా అయితే ఏ రాజ్యాంగమూ ఏ దేశాన్నీ కాపాడలేదు. నీ వాదన 44వ సవరణ మీద కాదు, రాతలో ఉన్న ప్రతిదాని మీదా. కోర్టులో ఇలా వాదిస్తే జడ్జిగారు ఒక్కటే అడుగుతారు, మీ ప్రార్థన ఏమిటి అని.

మేనకోడలు: వస్తున్నాను. ముందు 21 గురించి ఇంకొక్క మాట.

మేనమామ: 21 గురించి నువ్వు నాకు చెబుతావా? 1976 ఏప్రిల్ 28. జబల్‌పూర్ కేసు. ఎమర్జెన్సీలో మనిషిని అక్రమంగా నిర్బంధించినా హెబియస్ కార్పస్ వెయ్యడానికి వీల్లేదని నలుగురు జడ్జీలు, ఒక్క హెచ్.ఆర్. ఖన్నా కాదని. మరుసటేడు జనవరిలో ఆయన్ని దాటేసి బేగ్‌ని చీఫ్ జస్టిస్ చేశారు. ఖన్నా రాజీనామా చేసి వెళ్ళిపోయారు. ఆ తీర్పు చదివిన రోజు మా సీనియరుగారు కోర్టుకే రాలేదు. ఇప్పుడు 359 ప్రకారం 20, 21 అధికరణాల్ని ఏ ఎమర్జెన్సీలోనూ ఆపలేరు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది కూర్చుని జబల్‌పూర్ తీర్పు తప్పని కొట్టేశారు కూడా. ఇంకేం కావాలి?

మేనకోడలు: అదంతా ఢిల్లీ లెక్క మామయ్యా. మన దగ్గర చూడండి. ప్రకటన వచ్చిన నెలకే, 1975 జులైలో, మెదక్ అడవుల్లో గిరాయిపల్లి దగ్గర నలుగురు యువకుల్ని ఎన్‌కౌంటర్ పేరుతో చంపారు. పట్టుకుని కాల్చారని 1977లో తార్కుండే కమిటీ చెప్పింది. వాళ్ళని చంపడానికి ఏ అధికరణాన్ని ఆపారు? దేన్నీ ఆపలేదు. చంపే అధికారం పాత 352 కింద కూడా ఎవరికీ లేదు. మీసా అనే ఆంతరంగిక భద్రతా చట్టం కింద దేశంలో దాదాపు ముప్పై అయిదు వేలమందిని నిర్బంధించారు, వాళ్ళకి కనీసం ఉత్తర్వు కాయితమైనా ఉంది. గిరాయిపల్లికి కాయితమే లేదు. ఎన్‌కౌంటర్లు ఎమర్జెన్సీతో మొదలు కాలేదు, దాంతో ఆగనూ లేదు.

మేనమామ: అది నిజం.

(ఆయన ఆ రెండు మాటలే అన్నారు. తెలుగు నేల మీద ఎమర్జెన్సీ గురించి మాట్లాడేవాళ్ళు నక్సలైటు ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ఉరి తీసిన సంగతి కూడా తలుచుకుంటారు. అది కోర్టు వేసిన శిక్ష, ఎమర్జెన్సీకి ముందుదే. కానీ ఉరి ఆపమని దేశమంతా సంతకాలు పోగవుతున్న సమయంలో, పత్రికల నోరు కట్టేసి ఉన్న రోజుల్లో, అమలు చేశారు. చట్టం మారకపోయినా చుట్టూ ఉన్న గాలి మారితే ఏమవుతుందో దానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.)

మేనకోడలు: ఇప్పుడు నా అసలు ప్రశ్న. పెట్టడం గురించి మీరు ఇంతసేపు చెప్పారు. తీసేదెవరు?

మేనమామ: పెట్టినవాళ్ళే. రాష్ట్రపతి ఇంకొక ప్రకటనతో రద్దు చేస్తారు.

మేనకోడలు: వాళ్ళకి ఇష్టమైతేనేగా. 1962 చూడండి. అక్టోబరు 26న చైనా దాడికి పెట్టారు. అది న్యాయమైన ఎమర్జెన్సీ, ఎవరికీ పేచీ లేదు. నవంబరు 21న చైనా కాల్పులు ఆపింది. అంటే నెల తిరక్కుండానే యుద్ధం అయిపోయింది. ఎమర్జెన్సీ ఎప్పుడు ఎత్తేశారు?

మేనమామ: 1968 జనవరి 10.

మేనకోడలు: ఐదేళ్ళు దాటింది. నెహ్రూ పోయారు, శాస్త్రి వచ్చి పోయారు, మధ్యలో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగింది, ఇందిర వచ్చారు, సాధారణ ఎన్నికలు జరిగాయి. అది అలాగే ఉంది. 1964 చివర్లో పుచ్చలపల్లి సుందరయ్యగారితో సహా మార్క్సిస్టు పార్టీ నాయకుల్ని దేశమంతా పట్టి లోపలేసింది, ఆ చైనా యుద్ధానికి తెచ్చిన భారత రక్షణ నిబంధనల కిందే. ఈ ఐదేళ్ళలో పార్లమెంటు ఎమర్జెన్సీ ఉండాలా వద్దా అని ఎన్నిసార్లు మళ్ళీ ఓటు వేసింది? ఒక్కసారీ లేదు. అవసరం లేదు. 1950 రాజ్యాంగంలో ఒకసారి సభ ఆమోదిస్తే దానికి చివరి తేదీ అంటూ లేదు.

మేనమామ: ఇప్పుడుంది కదమ్మా! ఆరు నెలలు. ఆరు నెలలకొకసారి మళ్ళీ రెండు సభల్లోనూ అదే ప్రత్యేక మెజారిటీ రావాలి. రాలేదా, దానంతటదే పోతుంది. ఎవరూ తియ్యక్కర్లేదు. నువ్వు 336 అన్నావు. 1975 జులైలో 336 వచ్చింది సరే, 1976 జనవరిలో వచ్చేదేమో, జులైలో? సంజయ్ గాంధీ మనుషులు ఊళ్ళమీద పడి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయిస్తున్నప్పుడు, ఉత్తరాది ఎంపీలు తమ నియోజకవర్గాల్లో మొహం చూపించలేని రోజుల్లో?

మేనకోడలు: చెయ్యెత్తేవాళ్ళు. అదే సభ 1976 ఫిబ్రవరిలో తన గడువు తనే ఏడాది పొడిగించుకుంది. నవంబరులో ఇంకో ఏడాది. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం సభ గడువుని ఏడాది చొప్పున పెంచుకుంటూ పోవచ్చని 83వ అధికరణం. ఎన్నిసార్లన్నదానికి లెక్క లేదు. అది ఇప్పటికీ అలాగే ఉంది, మీ 44వ సవరణ ముట్టుకోలేదు. ఎమర్జెన్సీ ఉంటే సీటు ఉంటుంది, సీటు ఉంటే ఎమర్జెన్సీకి ఓటు ఉంటుంది. ఒకదాని కాళ్ళు ఇంకొకటి పట్టుకుని ఉన్నాయి.

మేనమామ: అయినా ఎన్నికలొచ్చాయి కదా. 1977 జనవరి 18న ఇందిరే ప్రకటించింది. మార్చిలో జనం ఓడించారు, మార్చి 21న తాత్కాలిక రాష్ట్రపతి బి.డి. జెట్టి సంతకంతో ఎమర్జెన్సీ పోయింది. జనం ఎత్తేశారు.

మేనకోడలు: ఏ జనం మామయ్యా? మన జనమా? ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకి 41 కాంగ్రెసుకి. జనతా తరఫున గెలిచింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారొక్కరే. మరుసటేడు శాసనసభ ఎన్నికల్లోనూ మనవాళ్ళు ఇందిరా కాంగ్రెసునే గెలిపించారు.

మేనమామ: మనకి మంగళగిరి పానకాలస్వామిలాగా ఎంత పోసినా సగమే... సరే, అది వేరే కథ. ఆ ఒక్క సంజీవరెడ్డిగారే రాష్ట్రపతి అయి 1979 ఏప్రిల్ 30న 44వ సవరణ మీద సంతకం పెట్టారని మాత్రం రాసుకో.

మేనకోడలు: రాసుకున్నాను. కానీ నేననేది ఇది. 1977లో ఎన్నిక పెట్టాలని ఏ నియమమూ ఆవిణ్ణి బలవంతం చెయ్యలేదు. ఎందుకు పెట్టిందో చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. పాలకుడు ఒకసారి పొరబాటున తలుపు తీశాడు కదా అని దాన్ని రాజ్యాంగ పద్ధతి అనకూడదు.

మేనమామ: అందుకేగా తలుపు రాజ్యాంగంలోనే పెట్టారు. ఆరు నెలల దాకా ఆగక్కర్లేదు. లోక్‌సభ ఎప్పుడైనా మామూలు మెజారిటీతో వద్దని తీర్మానిస్తే రాష్ట్రపతి రద్దు చెయ్యాల్సిందే. రాజ్యసభతో పని లేదు. సభ్యుల్లో పదో వంతు, అంటే ఇవాళ 55 మంది, స్పీకరుకి నోటీసు ఇస్తే చాలు. సభ సమావేశాల్లో లేకపోతే రాష్ట్రపతికి ఇవ్వాలి. పద్నాలుగు రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టి తీరాలి. చూడు, పెట్టడానికి మూడింట రెండు వంతులు, తియ్యడానికి సగం. ఎంత ఆలోచించి రాశారో!

మేనకోడలు: బాగా రాశారు. 1978లో రాసినప్పుడు బాగుంది. ఏడేళ్ళకి 52వ సవరణ వచ్చింది. ఫిరాయింపుల నిరోధం, పదో షెడ్యూలు. పార్టీ విప్‌కి వ్యతిరేకంగా ఓటు వేస్తే సభ్యత్వం పోతుంది. పార్టీ పదిహేను రోజుల్లో క్షమిస్తే తప్ప. 44వ సవరణ పెట్టిన తలుపుకి 52వ సవరణ బయటినుంచి గొళ్ళెం పెట్టింది. లోక్‌సభలో మెజారిటీ ఎప్పుడూ ప్రభుత్వానిదే కదా. మరి వద్దని తీర్మానం నెగ్గాలంటే పాలక పక్షం ఎంపీలు కొందరు ఇటు రావాలి. వస్తే ఇంటికి పోతారు.

(ఇంతవరకూ మాట మాటకీ జవాబు సిద్ధంగా ఉన్న ప్లీడరుగారు ఇక్కడ కాస్త ఆగారు. నాకూ ఈ రెండు సవరణల్ని పక్కపక్కన పెట్టి చూడటం అదే మొదటిసారి. ఫిరాయింపుల చట్టం గురించి తెలుగువాళ్ళం మాట్లాడినంతగా ఇంకెవరూ మాట్లాడి ఉండరు; ఎవరు ఎటు దూకారన్నదే తప్ప అది ఎమర్జెన్సీ ఓటింగుకి అడ్డమవుతుందన్న సంగతి మనం పట్టించుకోలేదు.)

మేనకోడలు: కొరియా చూడండి. 2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నరకి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా ప్రకటించాడు. సైనికులు పార్లమెంటు చుట్టూ చేరారు. సభ్యులు కంచెలు దూకి లోపలికి వెళ్ళారు. అర్ధరాత్రి ఒంటిగంటకి 190 మంది ఓటు వేశారు, 190కి 190 వద్దని. వాళ్ళ రాజ్యాంగం 77వ అధికరణం ప్రకారం సభ వద్దంటే అధ్యక్షుడు ఎత్తెయ్యాలి. తెల్లారేలోగా ఎత్తేశాడు. ఆ 190లో అధ్యక్షుడి సొంత పార్టీ వాళ్ళు 18 మంది. మన దగ్గర అయితే ఆ 18 మంది మీద మర్నాడు అనర్హత పిటిషన్లు పడతాయి. మన దగ్గర గోడ దూకడానికి కూడా పద్నాలుగు రోజులు పడుతుంది.

మేనమామ: ఆగు. రెండు సంగతులు. ఒకటి, కిహోటో హొల్లొహాన్ కేసు, 1992. విప్ అనేది ప్రభుత్వ మనుగడకీ, పార్టీ మూల విధానానికీ సంబంధించిన ఓటింగులకి మాత్రమే పరిమితం చెయ్యడం మేలని సుప్రీంకోర్టు చెప్పింది.

మేనకోడలు: చెప్పింది. ఎవరూ వినలేదు. పైగా ఎమర్జెన్సీ ఓటింగుని మనుగడ ఓటింగు కాదని ఏ ప్రభుత్వం ఒప్పుకుంటుంది?

మేనమామ: రెండోది విను మరి. విప్ ధిక్కరించినవాడి సభ్యత్వం పోవచ్చుగానీ, వాడు వేసిన ఓటు పోదు. ఓటు ఆ రోజే లెక్కలోకి వస్తుంది. తీర్మానం నెగ్గుతుంది, ఎమర్జెన్సీ రద్దవుతుంది. అనర్హత సంగతి ఆ తర్వాత స్పీకరు తేల్చాలి. స్పీకర్లు అలాంటి పిటిషన్లు ఎంత త్వరగా తేలుస్తారో మన రెండు రాష్ట్రాల్లో చూస్తూనే ఉన్నాంగా!

మేనకోడలు: (నవ్వి) పాలక పక్షానికి వ్యతిరేకంగా ఓటేసినవాడి పిటిషన్ వారంలో తేలుతుంది మామయ్యా. నాన్చేది ఇటు దూకినవాళ్ళవే.

మేనమామ: అయినా ఓటు చెల్లింది కదా. ఎంపీ పదవి పోతుందని తెలిసి కూడా దేశం కోసం ఒక ఓటు వెయ్యలేనివాడి కోసం మనం రాజ్యాంగం రాయాలా?

మేనకోడలు: అలాంటి వాడి కోసమే రాయాలి. ఖన్నాలాంటి వాళ్ళు ఉంటారనుకుని రాస్తే 1976లో ఏమైంది? ఐదుగురిలో ఒక్కరు.

మేనమామ: 1979 తర్వాత ఎవరూ 352 జోలికి పోలేదు. కార్గిల్‌లో నెలల తరబడి యుద్ధం జరిగినా పోలేదు. కరోనాలో దేశమంతా మూసేసినా పోలేదు. అంత కష్టం చేశారు కాబట్టే పోలేదు.

మేనకోడలు: కార్గిల్ వరకూ మీ మాట చెల్లుతుంది. కరోనాలో 352కి పోలేదంటే అవసరం పడక. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, 1897 నాటి అంటువ్యాధుల చట్టం సరిపోయాయి. ఆ మార్చిలో పార్లమెంటు వాయిదా పడ్డాక లాక్‌డౌన్ వచ్చింది. ఏ సభ ఆమోదమూ అక్కర్లేదు, ఆరు నెలల లెక్కా లేదు. హోంశాఖ ఉత్తర్వు మీద ఉత్తర్వు. లాక్‌డౌన్ తప్పని నేననను. 352కి తాళాలన్నీ వేశాక, పాలకులు వేరే వాకిలి వాడుకోవడం నేర్చారంటున్నాను.

మేనమామ: అది ఎమర్జెన్సీ కాదు. లాక్‌డౌన్‌లో కోర్టులు తెరిచే ఉన్నాయి, పత్రికలకి సెన్సారు లేదు. అన్నీ ఒక గాటన కట్టకు. సరే, ఇందాకట్నుంచి అడుగుతున్నాను. నీ ప్రార్థన ఏమిటి?

మేనకోడలు: రెండు. మొదటిది, 352 మీద ఏ ఓటింగుకీ పదో షెడ్యూలు వర్తించదని ఒక్క వాక్యం రాయాలి. పెట్టడానికీ, పొడిగించడానికీ, తియ్యడానికీ.

మేనమామ: యుద్ధం మధ్యలో సంకీర్ణ ప్రభుత్వం కూలితే?

మేనకోడలు: ఎమర్జెన్సీ తీర్మానం ఓడితే ప్రభుత్వం కూలనక్కర్లేదు. అవిశ్వాసం వేరు, ఇది వేరు.

మేనమామ: అది పర్వాలేదు. రెండోది?

మేనకోడలు: దక్షిణాఫ్రికా పద్ధతి. వాళ్ళ రాజ్యాంగంలో 37వ సెక్షను. ఎమర్జెన్సీ పెడితే మొదట 21 రోజులే. పొడిగింపు ఒకసారికి మూడు నెలలకి మించకూడదు. మొదటి పొడిగింపుకి జాతీయ అసెంబ్లీ సభ్యుల్లో సగానికి మించి చాలు, ఆ తర్వాత ప్రతిసారీ 60 శాతం కావాలి. కాలం గడిచేకొద్దీ ఎమర్జెన్సీ నిలబెట్టడం కష్టమవ్వాలి. మన దగ్గర మొదటి రోజు ఎంత బలం కావాలో పదో పొడిగింపుకీ అంతే. మెట్లు లేవు.

మేనమామ: మన దగ్గర మొదటి మెట్టే వాళ్ళ చివరి మెట్టు కంటే ఎత్తమ్మా. హాజరైనవాళ్ళలో అరవయ్యేడు శాతం. దానిమీద ఇంకా ఎత్తు పెంచితే, చైనాతో మూడేళ్ళ యుద్ధం వచ్చిందనుకో, ఇరవై శాతం ఉన్న ప్రతిపక్షం మొత్తం దేశాన్ని ఆపి కూర్చుంటుంది.

మేనకోడలు: చైనాతో నిజంగా మూడేళ్ళు యుద్ధం జరుగుతుంటే 1962లోలాగే అందరూ చెయ్యెత్తుతారు. ఎత్తని రోజు వచ్చిందంటే యుద్ధం అయిపోయిందన్నమాట. 1963లో మెట్లు ఉండుంటే సుందరయ్యగారు 1964లో జైలుకి పోయేవారా?

మేనమామ: ...ఆ ఒక్క కేసు నీది. కానీ ఈ బిల్లు ఎవరు పెడతారు? రాజ్యాంగ సవరణ కదా, మళ్ళీ మూడింట రెండు వంతులు. 1978లో ఎలా నెగ్గిందో తెలుసా? జనతా వాళ్ళు సగంమంది జైలునుంచి వచ్చి మంత్రులైనవాళ్ళు. న్యాయమంత్రి శాంతిభూషణ్ బిల్లు పెట్టారు. అయినా రాజ్యసభలో కాంగ్రెసుదే బలం కాబట్టి కొన్ని క్లాజులు అక్కడ రాలిపోయాయి. అలాంటి సభ మళ్ళీ కూడటం అంత తేలిక కాదు.

మేనకోడలు: సవరణ కష్టమంటారు, ఒప్పుకున్నాను. మరి సవరణే అక్కర్లేని పని ఒకటుంది. 44వ సవరణలో మూడో సెక్షను. విచారణ లేకుండా నిర్బంధించిన మనిషిని సలహా మండలికి చూపకుండా మూడు నెలలు ఉంచొచ్చన్నదాన్ని రెండు నెలలకి తగ్గించింది, ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మీద వెయ్యాలంది. ఉభయ సభలూ ఆమోదించాయి, సంజీవరెడ్డిగారు సంతకం పెట్టారు. ఎప్పటినుంచి అమలన్నది ప్రభుత్వం నోటిఫై చెయ్యాలి. 1979నుంచి ఇవాళ్టిదాకా చెయ్యలేదు.

మేనమామ: తెలుసు. జనతా చెయ్యలేదు, కాంగ్రెసు చెయ్యలేదు, యునైటెడ్ ఫ్రంట్ చెయ్యలేదు, బీజేపీ చెయ్యలేదు. ఎమర్జెన్సీలో జైలుకి వెళ్ళినవాళ్ళు ప్రధానులూ మంత్రులూ అయ్యి కూడా చెయ్యలేదు. 1981లో ఎ.కె. రాయ్ కేసులో అడిగారు. నోటిఫై చెయ్యమని ప్రభుత్వాన్ని ఆదేశించలేమని సుప్రీంకోర్టు మెజారిటీ చెప్పింది.

మేనకోడలు: అప్పటికి సవరణ వచ్చి మూడేళ్ళైనా నిండలేదు. ఆలస్యమైందిగానీ మరీ ఎక్కువ కాలేదని కోర్టుకి అనిపించి ఉండొచ్చు. ఇప్పుడు నలభై ఆరేళ్ళు దాటింది. మళ్ళీ అడగొచ్చా, కూడదా?

మేనమామ: అడగొచ్చు. నిలబడుతుందని మాత్రం హామీ ఇవ్వను.

మేనకోడలు: పిటిషను నేను రాస్తాను. మీరు చూసి పెట్టండి.

మేనమామ: ఖన్నా పేరు మొదటి పేరాలో పెట్టకు. జడ్జీలకి అది ఇష్టం ఉండదు. తేదీలు పెట్టు. పార్లమెంటు ఆమోదించిన తేదీ, రాష్ట్రపతి సంతకం తేదీ, మిగతా సెక్షన్లు అమల్లోకి వచ్చిన తేదీ. వాటి కింద ఆ తర్వాత వచ్చిన ప్రతి హోంమంత్రి పేరూ వరసగా రాయి.